త్రికోణపు రెక్కకు నీరాజనం

రా, వెండిబాణమా, రా. ఇంకా ఏ గాలీ వీయని, ఏ నేలా పరుచుకోని, ఏ పొద్దూ పొడవని ఈ బూడిదరంగు తెర మీదికి ఒక్క చుక్కవై రా. చుక్క పక్కన చుక్కవై, చుక్కలు కలిపిన గీతవై, గీతలు అల్లిన వలవై, వల మీద వెలుగు పారితే ఒడలివై రా. గాలిని తాగి నిప్పును ఊదేదానా, నేల మీద నిలబడ్డా ఎగురుతున్నట్టే ఉండేదానా, మిగ్-21 అని లోకం పిలిచినదానా, బైసన్ అని మా దేశం మళ్లీ పేరు పెట్టుకున్నదానా, రా. ఖరగ్‌పూర్ రైలు కాలనీలో, గూడ్సుబండ్లు కన్నుమూయనివ్వని రాత్రుల్లో, నిన్ను నా చేతులతో మళ్లీ కట్టుకుంటున్నాను.

ఎంత తక్కువ గీతలతో గీశాడో కదా నిన్ను గీసినవాడు! ఒక గొట్టం, రెండు త్రికోణాలు, నిక్కిన తోక. ఒక్క వంపు వృథా పోలేదు, ఒక్క మడత అదనంగా పడలేదు. నీకు ముక్కు లేదు, ఉన్నదంతా నోరే. ఆ నోటి నడుమ శంకువు, శంకువు చుట్టూ చీకటి, చీకటి వెనక గొంతు, గొంతు చివర కొలిమి. 57 డిగ్రీల వాలుతో వెనక్కి ఒరిగిన రెక్కలు, ఈ కొస నుంచి ఆ కొసకు 7 మీటర్ల చిల్లర, మందం చూస్తే వెడల్పులో ఇరవయ్యో వంతుకు మించదు. ఇంత పలచని ఆధారం మీద ఇంత బరువైన నిప్పును మోసుకుపోవచ్చని ఎవరికి తోచిందో, వాళ్ల తలపుకు దండం. 1955లో మికోయాన్, గురేవిచ్‌ల కొలువు నుంచి తొలిసారి గాలిలోకి లేచిన ఆ గీత ఆ తర్వాత 11 వేలకు పైగా ఒడళ్లు ధరించింది. ధ్వనిని దాటిపోయే యుద్ధవిమానాల్లో అంత సంతానం మరే గీతకూ కలగలేదు.

ఆ గీతను పట్టుకోవడమే నా పూజ. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, నీ మూడు పటాలను బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో మూడు గోడలుగా నిలబెట్టాను. వాటి నడుమ ఖాళీలో నువ్వు. సగం ఒడలు చెక్కితే చాలు, మిగతా సగం అద్దమే ఇస్తుంది. ఎడమ రెక్క మీద ఒక చుక్కను జరిపితే కుడి రెక్క మీద దాని కవల కూడా అంతే జరుగుతుంది. నేను ఒక చేత్తో కడుతుంటే, కనిపించని చేయి ఎవరిదో అవతలి వైపు నుంచి నాతో సమంగా కడుతున్నట్టుంటుంది. వెన్నెముక మీద ఆ ఉబ్బు, లోపల కిరసనాయిలు దాచుకున్న ఆ మూపురం, దాన్ని తోక మొదట్లోకి మెల్లగా కలిపేచోట వంపు పలకడానికి ఎంత సతాయించిందో! అన్నిటికన్నా నీ నోటి అంచు. అది మరీ పదునుగా పెడితే వెలుగు విరిగి నల్లని మచ్చ పడుతుంది, మరీ గుండ్రంగా తిప్పితే ఇత్తడి చెంబు మూతిలా మొద్దుబారుతుంది. ఒక చుక్కను వెంట్రుకవాసి వెనక్కి, ఇంకో చుక్కను వెంట్రుకవాసి లోపలికి. చూపు అలసి, మెడ పట్టేసి, ఇక వదిలేద్దామనుకున్న ఘడియలో వెలుగు ఆ అంచు వెంట ఎక్కడా తెగకుండా గుండ్రంగా పరిగెత్తింది. అప్పుడు నువ్వు నోరు తెరిచావు. ఆ క్షణాన నాకు కలిగింది ఆనందం అనడానికి మనసు రాదు, అది దర్శనం.

పరాయిదేశంలో పుట్టినా నువ్వు మా మట్టి తిని పెరిగావు. 1963లో చండీగఢ్‌లో ఇరవై ఎనిమిదో స్క్వాడ్రన్ ముంగిట వాలావు. ఆ పైన నాసిక్ నీ ఎముకలు కూర్చింది, కోరాపుట్ నీ గుండెకాయ చేసింది, హైదరాబాద్ నీ నరాలు అల్లింది. నాసిక్ ఒక్కటే నిన్ను 657 సార్లు కన్నది. 1971 డిసెంబరు 14న ఢాకాలో గవర్నరు భవనం కప్పు మీద నీ రాకెట్లు పడ్డాయి, రెండు రోజులకు ఒక కొత్త దేశం ఊపిరి పీల్చుకుంది. కానీ నా మనసు ఢాకాలో ఆగదు, కోరాపుట్‌లో ఆగుతుంది. విశాఖ నుంచి అరకు మీదుగా, సొరంగంలోంచి సొరంగంలోకి, మబ్బులోంచి మబ్బులోకి కొండెక్కే రైలుదారి ఆ ఊరికి పోతుంది. మా ముత్తాతలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మూటాముల్లె సర్దుకుని బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి వచ్చినప్పుడు వాళ్లు వెనక్కి తిరిగి చూసిన చివరి కొండలు ఆ వరసవే. ఆ కొండల వెనకే, సునాబెడాలో, నీ ఆర్-25 ఇంజను పుట్టింది. ఇంకో వైపు బాలానగర్‌లో నీకు వినికిడినీ పలుకునూ ఇచ్చే పెట్టెలు తయారయ్యాయి. ఇక నిన్ను పరాయిదానివని ఎలా అనుకోను? నీ గుండెదీ నాదీ ఒకే కొండగాలి.

ఇక మా ఖరగ్‌పూర్ ఆకాశం! దాన్ని పొగడకుండా నిన్ను పొగడలేను. కింద పట్టాల అల్లిక, పైన పొగదారుల అల్లిక. పడమటి బండి ఎక్కితే నిమ్‌పురా యార్డు, అది దాటితే కలైకుండా. 1944లో అమెరికా వాళ్ల బి-29 బాంబర్ల దళం ఈ ఊళ్లోనే కొలువుదీరి, చుట్టుపక్కల ఎర్రనేల మీది రన్‌వేల నుంచి ఎగిరింది. 1965 సెప్టెంబరు 7 పొద్దున ఢాకా వైపు నుంచి పాకిస్తాన్ సేబర్ జెట్లు వచ్చి కలైకుండాలో నిలిపిన విమానాలను కాల్చిపోయాయి. అవి మళ్లీ వచ్చినప్పుడు నాలుగు సేబర్లకు ఎదురుగా మన హంటర్ విమానాలు రెండే రెండు నిలిచాయి. ఒకదానిలో ఆల్ఫ్రెడ్ కుక్, ఇంకోదానిలో సుబోధ్ చంద్ర మమ్‌గాయిన్. ఐఐటీ కప్పుల మీదుగా, చెట్ల తలలు రాసుకుంటూ సాగిన ఆ పోరును ఊరు మెడలెత్తి చూసింది. ఇద్దరికీ వీరచక్ర దక్కింది. ఆ రోజు నుంచి ఇక్కడి పిల్లలకు ఆకాశమంటే చుక్కలూ చందమామా మాత్రమే కాదు.

ఆ ఆకాశంలోకే తర్వాత నీ వంశం వచ్చింది. దూధ్‌కుండి గురిమైదానం వైపు పోతూ, వస్తూ, మా పెంకులను వణికిస్తూ, పావురాలను చెదరగొడుతూ, బళ్లో లెక్క చెప్పే మాస్టారి మాటను నడిమధ్యలో తుంచేస్తూ. మథురాకాటి క్వార్టర్ల వాకిట్లో వడియాలు పెడుతున్న మా మామ్మ చేయి ఆపి, కళ్ల మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, "మబ్బు నేదు, వాన నేదు, ఏటిరా ఈ ఉరుము?" అనేది. నేను పైకి చూసేసరికి నువ్వుండేదానివి కావు. నువ్వు పోయిన దారిలో నీ మోత ఒక్కటే పరిగెత్తుకుంటూ వచ్చేది. నిన్ను ముందు విన్నాను, చాలా తర్వాత చూశాను. ప్రేమలో అదే వరస అనుకుంటాను.

ఆటల లోకంలోకి నువ్వు ఎప్పుడో అవతరించావు. 2014లో డీసీఎస్ అనే విమానాల ఆటలో మిగ్-21 బిస్‌గా దిగావు. నీలిపచ్చ రంగు పైలట్ గది, గది నిండా మీటలు, మీట మీటకూ ఒక ప్రాణం. అది చెక్కిన శిల్పులకు శతకోటి దండాలు. కానీ అక్కడ నువ్వు నిన్నటి నువ్వు. అది దర్శనం ఉన్న గుడే, గర్భగుడిలోకి మాత్రం మనకు దారి లేదు. నిన్ను తాకి, విప్పి, కడిగి, మళ్లీ అలంకరించాలన్న కోరిక నాది. అందుకే ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటరుకు వచ్చాను. 1997 నుంచి ఏయే దేశాల వాళ్లో రూపాయి ఆశించకుండా కట్టుకుంటూ వస్తున్న ఆకాశం అది. తలుపు లేదు, తాళం లేదు. లోపల ఏ అంకె ఎక్కడ ఎందుకుందో చదువుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు, నచ్చితే ఇంకొకరికి పంచుకోవచ్చు.

అక్కడ గాలి అంటే అంకెల పట్టిక. రెక్క గాలికి ఎన్ని డిగ్రీలు ఎదురెత్తింది, ధ్వనివేగంలో ఎన్నో వంతున పోతోంది, ఈ రెండూ అడిగి, అడ్డవరసా నిలువువరసా కలిసే గడిలోంచి నిన్ను ఎత్తే బలమెంతో, వెనక్కి ఈడ్చే బలమెంతో తీసి, సెకనుకు 120 సార్లు నిన్ను కొత్తగా పుట్టిస్తుంది జేఎస్‌బీసిమ్ అనే ఆ మంత్రం. ఒక గడిలో అంకె కాస్త పెంచితే గాలిపటంలా తేలిపోతావు, కాస్త తగ్గిస్తే రాయిలా జారిపోతావు. నీ గుణాలన్నీ ఆ గడుల్లోనే దాక్కున్నాయి. నెమ్మదిగా పోతే ముక్కెత్తి బరువుగా ఊగుతావు. గట్టిగా మెలి తిప్పితే సంపాదించిన వేగమంతా ఒక్క మలుపులో ధారపోస్తావు. సూటిగా వదిలితే మాత్రం నిన్ను పట్టేవాళ్లు లేరు. నీ కొలిమికి 7,100 కిలోల తోపు. నేలకు దగ్గరగా, 4,000 మీటర్ల లోపు, కొద్ది నిమిషాల పాటు మాత్రమే వెలిగే రెండో నిప్పు ఒకటుంది, అది అంటుకుంటే 9,900. దిగేటప్పుడు ఇంజనులోంచి తెచ్చుకున్న వేడిగాలిని ఫ్లాపుల మీదికి ఊదుకుంటూ, ఆ ఊపిరి మీదే ఒళ్లు ఆనించి, గంటకు 300 కిలోమీటర్లకు అటూఇటుగా నేలను తాకుతావు. ఆ ఊపిరిని పట్టికలోకి ఎక్కించిన రాత్రి నాకు నిద్ర రాలేదు. అంకెల పక్కన నా వ్యాఖ్యలన్నీ తెలుగులోనే రాసుకుంటాను. "ఇక్కడ తగ్గించకు, మొండికేస్తుంది." "ఈ గడి ముట్టుకోకు." "ఇది నిజం పలికింది." 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల వరసలో చోటిచ్చింది. ఆ మేలు నీ గర్భగుడికీ చెందుతుందని నా నమ్మకం.

ఇప్పుడు నీకు చూపు పెట్టే ఘడియ. శిల్పి ఒడలంతా చెక్కి, నగలు చెక్కి, పాదాలు చెక్కి, కళ్లు మాత్రం చివరకు ఉంచుతాడు. నీకూ అంతే జరిగింది. 1996లో ఒప్పందం కుదిరింది, 125 బిస్‌లకు కొత్త కళ్లు తెరవాలని. రెండింటిని వోల్గా ఒడ్డున నిజ్నీ నోవ్‌గొరోద్‌లో తీర్చిదిద్దారు, మిగతావాటికి నాసిక్ పురుడు పోసింది. పాత శంకువులో మసకచూపు తీసి కోప్యో రాడారును కూర్చారు. కోప్యో అంటే బల్లెం. నోట్లో బల్లెం పట్టుకున్న పక్షివయ్యావు. పాత ఎదురద్దానికి అడ్డంగా ఉండే చట్రాలు పోయాయి, వాటి చోట ఒక్క ముక్కగా వంగిన గాజు వచ్చింది. ఆ గాజుకు ఇవతల అంకెలు ఆకాశంలోనే రాసినట్టు వెలిగాయి. నిన్ను ఎవరు చూస్తున్నారో చెవిలో చెప్పే తరంగ్ మన దేశం చేతిదే. తల తిప్పిన వైపే గురి తిరిగే శిరస్త్రాణం, ఆ చూపు వెంట పరిగెత్తే ఆర్-73, కంటికి ఆనని దూరాన్ని వెతికి పట్టే ఆర్-77. నలభై ఏళ్ల వయసులో నువ్వు మళ్లీ కన్నెపిల్లవై కనుబొమలెత్తావు.

నేనూ ఆ వరసలోనే నడుస్తున్నాను. ముందు బిస్‌ను పూర్తిగా కట్టాను, పాత కళ్లతో సహా. ఎగరేశాను. ఆ మసకలో నీతో కలిసి తడుముకున్నాను. ఆ తర్వాతే చేయి వేశాను. చట్రాలు తీసి కొత్త గాజు వంచుతుంటే ఆకాశం ఒక్కసారిగా గదిలోకి దూకింది, నిజంగా దూకింది, కుర్చీలో వెనక్కి జరిగాను. గడియారాల్లో కొన్నిటిని దించి రంగుల తెర నిలబెట్టాను. నాసల్ భాషలో చిన్న చిన్న వాక్యాలు రాసి ఆ తెరకు మాటలు నేర్పుతున్నాను. ఒక్కదాన్ని తీయడానికి మాత్రం చేయి రాలేదు. నీ పాత పలక మీద నిలువుగా తెల్లటి గీత ఒకటి ఉంటుంది. గిరగిరా తిరుగుతూ నేలకు పడిపోతున్నప్పుడు, కళ్లు చీకట్లు కమ్మి ఏది ఎటో తెలియనప్పుడు, పైలట్ కర్రను ఆ గీతకు సూటిగా నెట్టాలి. ఎడమా కుడీ తెలియకపోయినా నడిమి తెలిస్తే బతికి బయటపడొచ్చు. ఎవరో మనసున్న మనిషి కుంచె పట్టి గీసిన ఆ గీతను, నేను కట్టే నీ గదిలో, కొత్త తెర పక్కనే, మళ్లీ గీశాను. రంగు కాస్త వెలిసినట్టు, అంచు కాస్త అరిగినట్టు.

ఈ విద్య మా ఊరికి వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు. ఖరగ్‌పూర్ కారఖానా చేసే పని ఇదే. ఊళ్లూ ఏళ్లూ తిరిగి అలసిన బోగీ పీఓహెచ్ అనే నియమిత మరమ్మతుకు వస్తుంది. లిఫ్టింగ్ షాపులో దాన్ని ఎత్తి చక్రాల నుంచి వేరు చేస్తారు. అరిగిన చక్రాన్ని లేతు మీద తిప్పి మళ్లీ గుండ్రం చేస్తారు. తుప్పు గీకుతారు, కుళ్లిన పలక కోసి కొత్త పలక అతుకుతారు, వైర్లు లాగుతారు, రంగు వేస్తారు. చివర గోడ మీద కారఖానా గుర్తు, తేదీ, మళ్లీ ఎప్పుడు రావాలో ఆ తేదీ తెల్లటి అక్షరాల్లో అచ్చు కొడతారు. బోగీ అదే, పరుగు కొత్తది. మా నాన్న చేతి గీతల్లోని గ్రీజు ఎన్ని సబ్బులకూ పోలేదు. ఆ చేతులు పాత ఇనుమును విసుక్కోవడం నేనెన్నడూ చూడలేదు. పాతదని తెలిసినకొద్దీ మరింత మెల్లగా తాకేవి. నా చేతిలో స్పానరు లేదు, మౌస్ ఉంది. అయినా నీ రివెట్ల వరస మీదుగా కర్సరును నడిపించేటప్పుడు ఆ మెల్లదనమే నా వేళ్లలోకి వస్తుంది. అది వంశం ఇచ్చిన ఆస్తి.

అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆటలో అన్నీ కుదురుతాయి. ముందు చిన్న రెక్కలు మొలిపించవచ్చు, రెండో తోక నిలబెట్టవచ్చు, ఇంజను పీకి ఇంకో దేశపు ఇంజను దూర్చవచ్చు, రెక్కల కింద చోటున్నంత మేరా క్షిపణులు వేలాడదీయవచ్చు. అలా కట్టినవాటిని ఎన్నో చూశాను, కొన్ని అందంగానే ఉన్నాయి. వాటిలో నువ్వు మాత్రం లేవు. నాసిక్ వాళ్లు నీ రెక్కను ముట్టుకోలేదు. నీ గుండె మార్చలేదు. నీ నోటిని మూయలేదు. ఏది మారిస్తే నువ్వు నువ్వుగా మిగలవో దాని జోలికి పోకుండా, ఏది మారిస్తే నువ్వు మళ్లీ లేస్తావో దాన్నే మార్చారు. గుడికి జీర్ణోద్ధరణ చేసేవాళ్లు ప్రాకారం ఎత్తుతారు, గోపురానికి సున్నం కొడతారు, దీపాలు పెంచుతారు, మూలవిరాట్టును కదపరు. ఆ నిగ్రహమే ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా అందమైన భాగమని నా గట్టి నమ్మకం. 2004 ఫిబ్రవరిలో గ్వాలియర్ మీద అమెరికా ఎఫ్-15లకు ఎదురు తిరిగినప్పుడు నిన్ను వాళ్లు మెచ్చుకుని వెళ్లారు. కొత్త చూపున్న ఆ పాత గీత ఎంత చిన్నదో, ఎంత దగ్గరికి వచ్చాక కనిపించిందో అప్పుడు తెలిసింది వాళ్లకు.

నీ కీర్తన పాడుతూ నీ శోకాన్ని దాచను. 2012లో రక్షణమంత్రి పార్లమెంటుకు చెప్పిన లెక్కలో మిగ్ ప్రమాదాలు 482, పోయిన పైలట్లు 171 మంది. నేల మీద పోయినవాళ్లు వేరే. ప్రతి అంకె వెనకా ఒక ఇల్లు, ఒక గుమ్మం, గుమ్మం దాకా నడిచి వచ్చిన యూనిఫాం. పట్టికలో గడులు నింపుతుంటే ఆ అంకెలు గుర్తుకొస్తాయి. నేను నీ మొండితనాన్ని తగ్గించి రాయలేదు. నెమ్మదైన వేగంలో నువ్వెంత కఠినమో, ఇంజను ఆగితే ఎంత తొందరగా నేలను వెతుక్కుంటావో, అన్నీ ఉన్నదున్నట్టు రాశాను. నిన్ను మెత్తగా చేస్తే ఆ పైలట్ల నేర్పును తక్కువ చేసినట్టవుతుంది. నీ మీద ప్రేమ ఉంటే ముందు వాళ్లకు చేయెత్తి మొక్కాలి. మొక్కుతున్నాను.

ఇక లే, నిప్పుతోక పిట్టా, లే. కలైకుండా రన్‌వే కొసన నిలబెట్టాను నిన్ను. పక్కన ఎర్రమట్టి, ఎర్రమట్టి వెనక సాలవృక్షాల పచ్చటి గోడ. థ్రాటిల్ ముందుకు. కొలిమి మొరిగింది. ఇంకా ముందుకు. వెనక నారింజరంగు పువ్వు ఒక్కసారిగా విచ్చింది, బల్ల మీద స్పీకరు వణికింది, బల్ల వణికింది, బల్ల కింద నా మోకాళ్లు వణికాయి. రన్‌వే గీతలు కలిసిపోయాయి. వేగం 340 దాటింది, ముక్కు లేచింది, నేల వదిలింది. చక్రాలు మెలి తిరిగి ఒడిలో ముడుచుకున్నాయి. తూర్పుకు ఒరుగు. అదిగో నిమ్‌పురా యార్డు, వందల గీతలు ఒకదాన్నొకటి దువ్వుకుంటూ. అదిగో కారఖానా కప్పులు. అదిగో ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం, 1,072.5 మీటర్లు, ఒకప్పుడు లోకంలోకెల్లా పొడవైనది. పుట్టినప్పటి నుంచి దాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి నడిచి చెప్పులు అరగదీసిన వంశం మాది. నువ్వు దాన్ని నాలుగు సెకన్లు కాకముందే దాటేశావు! ఉత్తరాన కాసాయి నది మెరిసింది. రెక్క మీద నిలబెట్టి తిప్పాను, నది నిలువుగా లేచి గోడలా నిలబడింది. దక్షిణాన, పొగమంచు అవతల, బంగాళాఖాతం ఉంటుంది. నిలువుగా ఎక్కు. తెలుపు నీలమయ్యేదాకా, నీలం నలుపయ్యేదాకా, ఎర్రనేలా పట్టాలూ పెంకుటిళ్లూ ఒక్క రంగులో కలిసిపోయేదాకా ఎక్కు. రాడారు తెర మీద పచ్చని చుక్క ఒకటి పొటమరించింది. నీ కొత్త కన్ను మొదటిసారి దేన్నో చూసింది. ఆ చుక్క ఏదో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. నువ్వు చూశావు, అది చాలు.

2025 సెప్టెంబరు 26న, నువ్వు మొదట వాలిన చండీగఢ్‌లోనే, వాయుసేన నీకు వీడ్కోలు చెప్పింది. ఇరవై మూడో స్క్వాడ్రన్ పాంథర్లు నిన్ను చివరిసారి లేపారు. వాయుసేనాధిపతి ఏ.పి. సింగ్ తానే నీ గదిలో కూర్చుని ఎగిరారు. నీళ్ల ఫిరంగుల తోరణం కింద నుంచి నడిచి వచ్చి నువ్వు ఆగావు. అరవై రెండేళ్లు. ఇకపై మా దేశంలో నిన్ను చూడాలంటే మ్యూజియం పచ్చికలో చూడాలి, కూడళ్లలో దిమ్మెల మీద చూడాలి, వాన చుక్కలు నోటి అంచు నుంచి జారుతుండగా చూడాలి. ఎగురుతుండగా చూడాలంటే మాలాంటి వాళ్ల తెరల మీదికే రావాలి. ఈ బాధ్యత వచ్చాక నా చేతికి ఇంకాస్త ఓపిక వచ్చింది. ఇదివరకు కన్నుకు కనిపించే పలకల వరకే రివెట్లు కొట్టేదాన్ని, ఇప్పుడు చక్రాల గూటి లోపల, ఎవరూ తొంగిచూడని చోట కూడా కొడుతున్నాను. గూటి గోడ మీద గొట్టాల దారి, గొట్టాల మీద పట్టీలు, పట్టీల మీద మురికి. ఆ మురికిని కూడా ముద్దుగానే పూశాను.

పని ఇంకా చాలా ఉంది. తరంగ్‌కు గొంతు పెట్టాలి, ఏ దిక్కు నుంచి ఎవరు చూస్తే ఏ కూత కూయాలో రాయాలి. శిరస్త్రాణపు గురి నా తల తిరిగే వేగానికి అందడం లేదు, వెనకబడుతోంది. రంగు సంగతి తేలలేదు. తొలినాటి లోహపు తళుకు ఒక వైపు లాగుతోంది, బైసన్‌నాటి బూడిదరంగు ఒక వైపు లాగుతోంది. రెండూ వేసి, ఏ పూటకు ఏది నచ్చితే అది తొడుగుతాను. అన్నిటికన్నా ముందు నీ బ్రేకు పారాచూటు. తోక మొదట్లో, నిప్పు నోటికి కాస్త పైన ఉండే ఆ గూడు తెరుచుకుంటోంది, తాడు సాగుతోంది, గుడ్డ మాత్రం విచ్చుకునే లోపే రన్‌వే అయిపోతోంది. ఎంత వేగంలో ఎంత గుడ్డ విచ్చుకోవాలో, విచ్చుకున్న గుడ్డ నిన్ను ఎంత బలంగా వెనక్కి పట్టి ఉంచాలో కొత్త పట్టిక రాస్తున్నాను. మొదటి నాలుగు వరసలు నిండాయి. ఐదో వరసలో అంకె మార్చాను. ఇంజను వెలిగించు, ఇంకో చుట్టు తిరిగి వద్దాం.